నీళ్ళ వైపు తిరిగి నిలబడిన మామ

మామ పోయినాడన్న కబురు నాకు తిరువళ్ళూరు బస్టాండులో తెలిసింది. ఆ సాయంత్రం ఆ ఊళ్ళో ఒక భజన మందిరంలో నా ప్రసంగం. చేతిసంచిలో గ్రంథం, భుజాన తుండు, టీ కొట్టు ముందర నిలబడి ఉన్నాను. తిరుత్తణిలో మా వీధిలో నేసిన చీరలు మూటగట్టి అంగళ్ళకు వేసే మనిషి ఒకాయన బస్సు దిగి నేరుగా నా దగ్గరికి వచ్చినాడు.

"సామీ, పొద్దున మామ పోయినాడు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకోని కూర్చున్నోడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగినాడంట."

నేను టీ గ్లాసు కింద పెట్టినాను. ఆయన అంతటితో ఆపి ఉంటే అక్కడే ఏడ్చి ఉండేవాణ్ణి. ఆపలేదు. "ఈత సంఘం వాళ్ళు శాలువా తెచ్చేదానికి మనిషిని పంపినారు సామీ. మామకు పెద్దగా చెయ్యాలని ఉండారు," అన్నాడు.

ఆ మాటతో నా ఏడుపు యాడికో పోయింది. దాని చోట్లో వచ్చి కూర్చున్న కోపం ఈ రోజు దాకా లేవలేదు. ఈ నాలుగు మాటలూ ఆ కోపంతోనే రాస్తున్నాను. పోయినవాళ్ళ గురించి చల్లగా రాయాలని చదివే అయ్యలు, అమ్మలు అనుకోవచ్చు. చల్లగా రాయాలంటే ఆయన నాకు మామ కాకుండా ఉండాల. ఆ శాలువా సంగతి నా చెవిన పడకుండా ఉండాల.

ప్రసంగం లేదని మందిరానికి మనిషితో చెప్పి పంపి రైలెక్కినాను. కడంబత్తూరు దాటేసరికి ఎదురుగా కూర్చున్న ఒకమ్మ తన బిడ్డను నా పక్కనుంచి లాగి అవతల కూర్చోబెట్టుకునింది. నాలో నేను గట్టిగానే మాట్లాడుకుంటా ఉన్నానేమో.

ఆయన మా అమ్మకు తమ్ముడు. నాకు సొంత మామ, వీధికంతా వరస మామ. ఆయనకంటే పెద్దవాళ్ళు కూడా మామా అనే పిలిచేవాళ్ళు. పొట్టి మనిషి, గట్టి గొంతు, ముక్కు మీద కోపం. మగ్గం మీద కూర్చున్నా మెళ్ళో విజిలు ఉండాల్సిందే. నూలు మోసే నాడె అటూ ఇటూ పోతా ఉంటే ఆ విజిలు ఎదమీద ఊగతా ఉండేది. "ఇంట్లో ఎవురు మునిగిపోతారని మామా ఇది" అని ఎవరన్నా ఎగతాళి చేస్తే, "మీ అత్త చారులో మునిగేది నేనే కదా" అనేవాడు. లోపల నూలు కండెలు చుట్టే అత్త, "మునిగితే తేలొద్దు, ఆడనే ఉండు" అనేది.

నాకు బడి చదువు తక్కువ. ఆ కొంచెమూ అరవ బడి. తెలుగు అక్షరాలు మా నాయన దగ్గర, మగ్గం పక్కన కూర్చోని నేర్చుకున్నాను. గ్రంథాలు నాకై నేను చదువుకున్నవి. తప్పు చదివితే దిద్దే గురువు నాకు లేడు. దిద్దింది మామే, ఆయన పద్ధతిలో. ప్రతి శనివారం మా వీధి భజన మందిరంలో నా ప్రసంగానికి ముందు వరసలో కూర్చునేవాడు. ప్రార్థన ముగిసేలోపల నిద్రపోయేవాడు. గురక పెట్టేవాడు. నేను గొంతు పెంచితే గురక పెంచేవాడు. కానీ మడుగులో ఏనుగును మొసలి పట్టిన కథ చెప్పిన రోజు మాత్రం కన్ను మూయలేదు. ప్రసంగం అయినాక నన్ను బయట అరుగు మీద పట్టుకున్నాడు.

"అల్లుడా, ఏనుగు నీళ్ళలో దిగేటప్పుడు గట్టున ఎవురుండినారు?"

"దాని మందంతా ఉండింది మామా. ఆడ ఏనుగులు, పిల్ల ఏనుగులు."

"మొసలి పట్టినాక అవి ఏం చేసినాయి?"

"ఏడ్చినాయి."

"చూసినావా. ఏడ్చేదానికి మంద ఉంది. తాడు తెచ్చినోడు ఒకడూ లేడు. అందుకే స్వామి అంత దూరం నుంచి ఉన్నపళాన పరిగెత్తాల్సి వచ్చె. ఆయనకు ఆ తిప్పలు లేకుండా చూసేదే నా పని."

గ్రంథం చదివి ఇన్నేళ్ళయింది, ఆ ప్రశ్న నాకు తట్టలేదు. ఆయన పని ఏమిటో మీకు చెప్పాల. అది తెలియకపోతే నా కోపం మీకు అర్థం కాదు.

మాది నేతగాళ్ళ వీధి. పగలంతా మగ్గం గుంటలో కాళ్ళు వేలాడేసి కూర్చుంటే నడుము పట్టేస్తుంది, మోకాళ్ళు బిగుసుకుపోతాయి. ఈదితే ఒదులుతుంది. అందుకని మా వీధిలో మగబిడ్డలకు, ఆడబిడ్డలకు చిన్నప్పుడే సొరబుర్ర నడుముకు కట్టి ఈత నేర్పుతారు. ఈదేది యాడ అంటే, కొండకు ఇవతల రాళ్ళు కొట్టి కొట్టి ఒదిలేసిన గుంతలో. వానలకు నిండిన పచ్చ నీళ్ళు, లోతు ఎంతో కొట్టినవాళ్ళకే తెలియాల. ఒక పక్క మాత్రం బండ్లు దిగిన దారి వాలుగా ఉంటుంది. మిగతా మూడు పక్కలా నిలువు రాయి. నడిమధ్యలో కాలు పట్టేసిందంటే పట్టుకునేదానికి గడ్డిపోచ దొరకదు.

ఈ గుంతను పెట్టుకొని మావాళ్ళు ఈత సంఘం పెట్టినారు. వానలు వెనకపట్టినాక ఏడాదికొకసారి పోటీ. పట్టాభిరామ్ రైల్వే క్వార్టర్స్ నుంచి ఒక జట్టు, కడంబత్తూరు నుంచి సేద్యగాళ్ళ పిల్లలు ఒక జట్టు వచ్చేవాళ్ళు. తాళ్ళకు ఎండు సొరబుర్రలు కట్టి నీళ్ళలో వరసలు గీసేవాళ్ళు. అవి తేలతా ఉంటే దూరం నుంచి చూసేదానికి పెళ్ళిపందిరి మాదిరి ఉండేది.

పోటీ అంటే ఈదేవాళ్ళు మాత్రమే అనుకుంటారు. కాదు. గట్టున నిలబడి కూలి అడక్కుండా పని చేసేవాళ్ళు లేకపోతే పోటీ లేదు. ఆ పనులు పంచేదానికి మా వీధిలో ఒక పద్ధతి ఉండేది. పొద్దున్నే అత్త చాటలో నూలు పోగులు పెట్టుకోని వచ్చేది, రంగురంగులవి. సంఘంలో పెద్దాయన ఒక్కొక్కరి మణికట్టుకు కట్టేవాడు. విజిలేసి పోటీ మొదలుపెట్టేవాడికి ఎర్ర పోగు. డ్రిల్ మాస్టరు దగ్గర అడిగి తెచ్చిన గడియారం పట్టుకునేవాళ్ళకు నీలం. ఎవరు ముందు వచ్చి గట్టు తాకినారో చెప్పేవాళ్ళకు పసుపు. అవతలి కొసన తెప్ప మీద కూర్చోని, రాయిని చేత్తో తాకి తిరిగినారా, తాకకుండా తిరిగినారా అని చూసేవాళ్ళకు పచ్చ. రంగు వెయ్యని తెల్ల పోగు ఒకటుంటుంది. అది నీళ్ళకాపుకు. తాడు, లారీ ట్యూబు, పొడుగు వెదురు పెట్టుకోని నీళ్ళకేసి చూస్తా నిలబడేవాడికి.

ఒకసారి కట్టినాక ఆఖరి మనిషి నీళ్ళలో నుంచి బయటికి వచ్చి తల తుడుచుకునేదాకా ఏ పోగూ విప్పకూడదు. అది కంకణంతో సమానం. మా వీధిలో ఎవరూ దీన్ని కాగితం మీద రాసుకోలేదు. రాయాల్సిన అవసరం రాలేదు.

ఎర్ర పోగు కోసం సొంత అన్నదమ్ములు ఒకరితో ఒకరు మాటలు మానేసినారు. గడియారం పట్టుకుంటే ఫోటోలో పడతారు గనుక నీలానికి సిఫారసులు నడిచేవి. తెల్ల పోగుకు మాత్రం ఎవరూ చెయ్యి చాపేవాళ్ళు కాదు. దాంట్లో మైకు లేదు, కుర్చీ లేదు, పేరు లేదు. ఎండలో నిలబడాల. మామ ఒక్కడే ముందుకు వచ్చి, "నాకు రంగు సరిపడదు, తెల్లది కట్టు" అనేవాడు.

ఆ రోజు ఆయన వక్క ఆకు నోట్లో వేసేవాడు కాడు. ఉమ్మేదానికి తల తిప్పాల్సి వస్తుందని. వాలు పక్కన చదునుగా ఒక బండ ఉండేది, దాని మీద నిలబడితే పోటీ అయ్యేదాకా కూర్చునేవాడు కాడు. నేను ఒకసారి గొడుగు పట్టుకోని పోయి పక్కన నిలబడితే, "నీడ నీళ్ళ మీద పడతా ఉంది, జరుగు" అని కసిరినాడు.

"మామా, ఎవరు గెలుస్తా ఉండారో కూడా చూడవా?"

"గెలిచినోణ్ణి చూసేదానికి ఊరుంది అల్లుడా. కడాన వచ్చేవాడికి నేనొక్కణ్ణే."

అది నిజం. సాయంత్రం మా ఇంటి అరుగు మీదికి వచ్చి, "ఇంతకీ ఎవురు గెలిచినారు?" అని అడిగేవాడు. పోటీ జరిగిన గట్టు మీద పొద్దుననుంచి ఉన్న మనిషి, ప్రతి ఏడూ నన్ను అడిగేవాడు.

ఒక ఏడు పట్టాభిరామ్ జట్టులో ఒక పిల్లగాడు వచ్చినాడు, బలే మాటకారి. మామ తాడు సర్దుకుంటా ఉంటే అరవంలో, "తాతా, యారుక్కు ఇంద కయిరు?" అన్నాడు, ఎవరి కోసం ఈ తాడని. "నీకే నాయనా," అన్నాడు మామ. జట్టంతా నవ్వినారు. పోటీలో మధ్యకు వచ్చేసరికి వాడికి పిక్క పట్టేసింది. చెయ్యి ఒకసారి వంకరగా లేచింది, అంతే. మాకెవరికీ తెలియలేదు. ట్యూబు వాడి ముందర పడింది. మామ తాడు లాగి ఒడ్డుకు తెస్తే, వాడు సిగ్గుతో, "నేనేం మునిగిపోలేదు తాతా" అన్నాడు.

"లేదు నాయనా, మునగలేదు. మరి ట్యూబు ఒదులు."

వాడు ఒదలలేదు. దాన్ని కావిలించుకోని అట్లే కూర్చున్నాడు. మామ పిక్క పట్టుకోని రుద్దతా, కళ్ళు మాత్రం నీళ్ళలోనే పెట్టి, మిగతావాళ్ళను చూస్తా ఉండినాడు. తరువాతి ఏడు ఆ పిల్లగాడు మామకు ఒక కొత్త తాడు తెచ్చిచ్చినాడు. రైల్వేదా అని మామ అడగలేదు, వాడు చెప్పలేదు.

ఇప్పుడు నా కోపానికి వస్తాను.

సంఘానికి కొత్త ప్రెసిడెంటు వచ్చినాడు. మా వీధి మనిషే, నోరున్నవాడు. పోటీకి ఒక పెద్దమనిషిని పిలుచుకోని వస్తే సంఘానికి గౌరవం అన్నాడు. నూలు వ్యాపారంలో పెద్ద చెయ్యి ఉన్న ఒక దొరను పిలిచినాడు. అంతవరకు తప్పు లేదు. పొద్దున రావాల్సిన ఆ దొర ఎండ నెత్తికెక్కినాక వచ్చినాడు. అప్పటికి పెద్ద పోటీ నడుస్తా ఉంది, గుంతకు ఈ కొస నుంచి ఆ కొసకు మళ్ళీ మళ్ళీ పోయి తిరిగొచ్చే పోటీ. నీళ్ళలో మనుషులు ఉండారు.

కారు కనపడంగానే ప్రెసిడెంటు మైకు పట్టుకున్నాడు. "వాలంటీర్లు అందరూ పోగులు తెంపేసి ఇట్ల వరసలో రండప్పా. దొరగారి చేత్తో కొత్త పోగులు కట్టిస్తాం. ఫోటో తీస్తారు. అయిదు నిమిషాల పని."

తెంపినారు. నా కళ్ళతో చూసినాను. ఎర్ర పోగు తెంపినాడు, నీలాలు తెంపినారు, పసుపులు తెంపినారు. తెప్ప మీద పచ్చ పోగుతో ఉన్న ఇద్దరు తెడ్డు వేసుకోని ఒడ్డుకు వచ్చేసినారు. కంకణం కట్టుకున్నవాళ్ళు, పని నడిమధ్యలో, ఫోటో కోసం. పొద్దున కట్టిన పెద్దాయన కుర్చీలో కూర్చోని చప్పట్లు కొట్టినాడు. పోగులు చాటలో పెట్టుకోని వచ్చిన అత్త చెట్టు కింద నిలబడి ఉండింది. ఆమె చప్పట్లు కొట్టలేదు.

మామ కదల్లేదు. వీపు మాకు, మొగం నీళ్ళకు.

ప్రెసిడెంటు మైకు ఒదిలి బండ దగ్గరికి పోయినాడు. నేను పక్కనే ఉన్నాను. "మామా, దొర వచ్చినారు. ఇట్ల తిరుగు."

"నీళ్ళలో మనుషులుండారు."

"అందరికీ ఈత వచ్చు కదా మామా."

"ఈత వచ్చినోళ్ళే నీళ్ళలో దిగేది. రానోళ్ళు గట్టున కూర్చోని నీ మాటలు వింటా ఉండారు."

ప్రెసిడెంటు మొగం మాడింది. అంతలో దొరే స్వయంగా నడిచి వచ్చినాడు, చేతిలో జరీ కలిపిన పోగు. ఆయన మర్యాదగానే, "పెద్దాయనా, చెయ్యి ఇట్ల ఇస్తారా" అన్నాడు. మామ తల తిప్పకుండా చెయ్యి వెనక్కి చాపినాడు, పేడ ఎత్తేదానికి బుట్ట అందుకున్నట్టు. "కట్టండి సామీ. ఆడ ముందే ఒకటుంది, దాని పక్కన కట్టండి. మొగం మాత్రం తిప్పలేను," అన్నాడు.

గట్టున ఎవరో కిసుక్కుమన్నారు. పట్టాభిరామ్ వాళ్ళు గట్టిగానే నవ్వినారు. దొర ఆ పోగును చేతిలోనే నలిపి, వెనక్కి తిరిగి, కారెక్కి పోయినాడు.

అప్పటికి ఈదేవాళ్ళు ఒకరొకరుగా బయటికి వచ్చినారు. ఒక్క బిడ్డ మిగిలింది. నూలుకు అద్దకం వేసే ఆయన కూతురు. వేగం లేదు, కానీ ఒదిలేదీ లేదు. ఎవరూ ఆమెను చూడటం లేదు. అందరూ కారు లేపిన దుమ్మును చూస్తా ఉండారు. ఆమె చెయ్యి చెయ్యీ వేసుకుంటా వచ్చి వాలు మీద మోకాళ్ళూని లేచింది. మామ తన తుండుతో ఆమె తల తుడిచి, "బాగా వచ్చినావు తల్లీ" అన్నాడు. తెల్ల పోగు విప్పి, చెట్టు కింద అత్త చేతిలో పెట్టినాడు. అప్పుడు మాకేసి తిరిగి, "ఇప్పుడు చెప్పండప్పా, వచ్చింది ఎవురు?" అని అడిగినాడు.

ఆ వారమే నా భజన మందిరంలో సంఘం కూర్చునింది. మామ చేసిన అవమానం గురించి తేల్చేదానికి. నేను ఆ సభ చూసినాను. నిండు సభలో ఆడమనిషికి అన్యాయం జరుగుతా ఉంటే పెద్దపెద్దవాళ్ళు తలలు దించుకున్న కథ మీకందరికీ తెలుసు, ప్రతి ఏడూ చెప్పించుకోని వింటారు, కళ్ళొత్తుకుంటారు. ఆ తలలు ఎట్ల దించుకుంటారో నేను ఆ రోజు దగ్గరనుంచి చూసినాను. చాప మీద ఏదో రాలినట్టు దాన్నే చూస్తారు. గోరు గిల్లుకుంటారు.

ప్రెసిడెంటు అడిగింది ఒకటే ప్రశ్న. "సరి మామా. ఆ అయిదు నిమిషాలు మిగతావాళ్ళంతా ఇట్ల తిరిగినారు. నీళ్ళలో ఏమన్నా అయిందా? ఏమీ కాలేదు కదా?"

మామ నోరున్న మనిషి. అయినా ఆ ప్రశ్నకు ఏం చెప్తాడు? ఆయన నిలబడినాడు గనుక ఏమీ కాలేదని చెప్తే గొప్పలకు పోయినట్టు. కాపు ఉన్నచోట ఏమీ జరగదు. అదే ఆ పని. ఏమీ జరగకపోవడాన్ని ఎత్తి చూపించేదానికి దాన్ని ఏ పళ్ళెంలో పెట్టుకోని వస్తాడు?

నేను లేచినాను. అన్న వెంట అడవికి పోయిన తమ్ముడు అన్నేళ్ళు కునుకు తియ్యకుండా కాపున్నాడే, ఆ గుడిసెలోకి రాత్రి ఏ పామూ రాలేదు గదా, అయితే ఆ కాపు దండగేనా అని అడిగినాను. గట్టిగానే అడిగినాను. "సామీ, అది శనివారం చెప్పు. ఇది సంఘం విషయం," అన్నారు. కొందరు నవ్వినారు.

తీర్మానం చేసినారు. ఇక మీదట నీళ్ళకాపు అవసరం లేదు, ఈదేవాళ్ళందరూ ఆరితేరినవాళ్ళే. తెల్ల పోగును ఇక అతిథులకు ఎదురుపోయి పన్నీరు చల్లేవాళ్ళకు కడతారు.

ఈ మాట ఇంకొకసారి రాస్తాను. కాపుకు కట్టే పోగు తీసుకపోయి పన్నీరు బుడ్డికి కట్టినారు. తప్పు చేసినవాళ్ళను నేను తిట్టగలను. ఏమీ తప్పు చెయ్యలేదనుకొనేవాళ్ళను ఏమని తిట్టాల?

ఆ తరువాత జరిగిన ప్రతి పోటీకీ మామ పోయినాడు. వాలు దగ్గరికి రానిస్తే గొడవ చేస్తాడని వాళ్ళు తాడు కట్టినారు. ఆయన ముళ్ళకంపలో నుంచి చుట్టు తిరిగి, అవతలి పక్క నిలువు రాయి మీదికి ఎక్కి, సొంత ట్యూబు, ఆ పట్టాభిరామ్ పిల్లగాడిచ్చిన తాడు పెట్టుకోని నిలబడినాడు. మణికట్టు బోసిగా. ఆ ఎత్తు నుంచి ట్యూబు విసిరితే అందుతుందో లేదో ఆయనకే తెలియదు. "చాదస్తం ముదిరింది" అనుకున్నారు గట్టున. సాయంత్రం నా అరుగు మీదికి వచ్చి, కాళ్ళలో ముళ్ళు తీసుకుంటా, "ఎవురు గెలిచినారు?" అనేవాడు.

ఒకసారి నాకు తట్టుకోలేక, "వాళ్ళ చేత నీకు క్షమాపణ చెప్పించే దాకా నేను ఈ మందిరంలో నోరు తెరవను మామా" అన్నాను.

"క్షమాపణ నాకెందుకు అల్లుడా, నంజుకునేదానికా? శాలువా ఒద్దు, మాల ఒద్దు. ఆ తెల్ల పోగు ఎవుడో ఒకడి చేతికి కట్టమను. నాకు కట్టకపోతే పోయె. పిల్లోళ్ళు దిగతా ఉండారు. ఎవుడో ఒకడు ఇట్ల తిరిగి నిలబడాల. అంతే."

ఆ మాట నేను ప్రెసిడెంటుకు చేర్చినాను. ఒకసారి కాదు. ఆయన చిరునవ్వు నవ్వినాడు.

నేను పోయేటప్పటికి మామను అరుగు మీద పడుకోబెట్టి ఉండినారు. మెళ్ళో విజిలు అట్లే ఉంది. ఎవరో తీయబోతే అత్త ఒద్దనింది. తరువాత ఆమే తీసి కొంగున ముడివేసుకునింది. ప్రెసిడెంటు శాలువాతో వచ్చినాడు. "త్యాగమూర్తి, సేవాతత్పరుడు, సంఘానికి ఊపిరి" అని మొదలుపెట్టినాడు. నాకు గ్రంథం నేర్పిన మాటలన్నీ నాలుక మీదికి వచ్చినాయి, మా నాయన తిట్టే మాటలు కూడా వచ్చినాయి. నేను నోరు తెరిచేలోపల అత్త అనింది, "ఇప్పుడొద్దప్పా. కర్మాంతరం నాడు రా." గొంతులో కోపం లేదు. మరి అది ఏమిటో నాకు ఆ రోజు అర్థం కాలేదు.

ఆ ఏడు వానల్లేక బావులన్నీ అడుగంటినాయి. నీళ్ళున్నది రాతి గుంతలోనే. కర్మాంతరం ఆ గట్టు మీదే పెట్టుకున్నాం. పిండాలు అయినాయి. చుట్టాలందరూ వాలు దగ్గర తలకు పోసుకుంటా ఉండారు. ఎండకు తాళలేక పిల్లలు నీళ్ళలోకి దూకినారు, ఈత వచ్చినవాళ్ళు, సగం వచ్చినవాళ్ళు. సొరబుర్రలు కూడా లేవు. పెద్దలు వాళ్ళవాళ్ళ తలలు ఆరబెట్టుకుంటా, వంటలో ఉప్పు తక్కువైందా ఎక్కువైందా అని మాట్లాడుకుంటా ఉండారు.

ప్రెసిడెంటు వచ్చినాడు. వెనక సంఘం, పక్కన ఫోటో తీసే మనిషి. చేతుల మీద మడత నలగని శాలువా. ఈసారి మామకు బదులు అత్తకు కప్పాలని.

అయ్యలారా, అమ్మలారా, ఇది చదివేవాళ్ళలో మా వీధివాళ్ళు ఉంటారు, సంఘంలో ఉన్నవాళ్ళూ ఉంటారు. మామ బొమ్మకు మీరు దండ వేస్తే ఆ దండకు ఆయన చెయ్యి చాపడు. ఈ ఏడు వానలు పడతాయి, గుంత నిండుతుంది, మీరు పోటీ పెడతారు, మీ బిడ్డలే దిగుతారు. ఆ తెల్ల పోగును పన్నీరు బుడ్డి నుంచి విప్పి ఎవరో ఒకరి మణికట్టుకు కట్టండి. కట్టేవాళ్ళు లేకపోతే నాకు కట్టండి. నాకు ఈత అంతంత మాత్రం, గొంతు మాత్రం ఉంది, అరుస్తాను. కట్టకపోతే మందిరంలో ప్రతి శనివారం ఇదే చెప్తాను. వేరే కథ చెప్పను. ఏనుగు కథ కూడా చెప్పను.

ఆ కర్మాంతరం రోజు గట్టు మీద అత్త ఎక్కడుందని అందరూ వెతికినారు. పంతులు పిలుస్తా ఉండాడు. ఆమె మామ నిలబడే చదును బండ మీద నిలబడి ఉండింది. తడి తల, తడి చీర. వీపు మాకు, మొగం నీళ్ళకు.

"అమ్మా, ఇట్ల తిరగమ్మా," అన్నాడు ప్రెసిడెంటు.

"ఉండప్పా. ఇంకా బిడ్డలు లోపలుండారు."

ఫోటో మనిషి కెమెరా దించినాడు. ప్రెసిడెంటు శాలువా చంకలో పెట్టుకోని నుదురు తుడుచుకున్నాడు. ఎండ కాలతా ఉంది. చివరకు విసుగుతో వెనకనుంచే ఆమె భుజాల మీద శాలువా వేసి, పక్కకు వచ్చేసినాడు. ఆమెకు వేసింది కూడా తెలిసినట్టు లేదు. తల కొంచెం ముందుకు పెట్టి చూస్తా ఉంది. పిల్లలు ఒకరొకరుగా వాలు ఎక్కి వచ్చినారు. కడాన ఒక పిల్లవాడు మిగిలినాడు, మా చెల్లెలి చిన్నోడు. చేతులు తపతపా కొట్టుకుంటా, ముక్కులోకి నీళ్ళు పోయి తుమ్ముకుంటా, మెల్లగా, మెల్లగా ఒడ్డుకు వచ్చినాడు. వాడి పళ్ళు టకటకమంటా ఉండినాయి.

అత్త వంగింది. చుట్టూ చేత్తో తడిమింది తుండు కోసం. దొరకలేదు. భుజం మీద ఏదో జారతా ఉంటే దాన్ని లాగి, ఏమిటని కూడా చూడకుండా, ఆ శాలువాతో వాడి తల గట్టిగా తుడవడం మొదలుపెట్టింది.